చుక్కల కాన్పు, పల్లి చేను

మా బాపును ఎవరైనా "నీ బిడ్డ ఏం చదివింది?" అని అడిగితే, చేతికర్రను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకునేవాడు. తప్పు ఆయనది కాదు. అయనీకరణ చెందిన వాయు మేఘాల నుంచి వచ్చే రేడియో తరంగాలు, ఇదీ నా చదువు. గొర్లు కాసే మనిషి బస్టాండులో నిలబడి ఆ ముక్క పూర్తి చేసేలోపు బస్సు వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు ఆయనే ఒక దారి కనిపెట్టాడు. "సైన్సు" అని, ఊపిరి తీసుకోకుండా "మీ దిక్కు వానలెట్లున్నయి?" అని మాట మార్చేవాడు.

నిజానికి ఆ చదువు కూడా సగంలోనే ఆగి ఉంది. హైదరాబాదులో పరిశోధనకు చేరి, ఎక్కడో ఎవరో నడిపే పెద్ద టెలిస్కోపు పంపిన అంకెలను కంప్యూటర్‌లో జల్లెడ పట్టీ పట్టీ నాకు విసుగొచ్చింది. ఈలోపు పాలమూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పని దొరికింది. వారమంతా పాలమూరులో కిరాయి గది, ఆదివారం మా ఊరు. మా గైడు మేడం మాత్రం నన్ను వదల్లేదు. "ఉగాది దాటితే నీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఈలోపు నీ చేత్తో నువ్వు ఒక్క పరిశీలన చేసి చూపించు, గడువు పెంచమని నేను మాట్లాడతాను. లేదంటే ఇక మర్చిపో" అని ఫోన్‌లో తేల్చి చెప్పింది.

మర్చిపో అనడం ఆమెకు సులువు. నాకు నిజంగా ఈ పని వచ్చా, వచ్చినట్టు తిరుగుతున్నానా అన్నది తేల్చుకోవాలనిపించింది. ఉగాదిలోపు ఆకాశం నుంచి ఏదీ పట్టలేకపోతే మళ్లీ ఈ పరిశోధన మాటే ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. నా కోపానికి ఊళ్లో పేరుంది. నా మీద నాకు వచ్చే కోపం ఇంకా చెడ్డది.

పరిశీలనకు డిష్ కావాలి. షాద్‌నగర్‌లో ఒక కేబుల్ టీవీ ఆయన దుకాణం ఎత్తేస్తూ, మేడ మీది పెద్ద జాలీ డిష్‌ను పాత ఇనుము కింద తోసెయ్యబోతుంటే నేను అడ్డం పడి తీసుకున్నాను. మనిషి నిలువు కంటే వెడల్పు. ట్రాలీ ఆటోలో తవుడు బస్తాల మీద ఎక్కించి, తాళ్లతో కట్టి, ఊరికి తెచ్చాను. ఆటో మా వాకిట్లో ఆగేసరికి సగం వాడకట్టు జమైంది.

"మల్ల కేబులొస్తాందా?" అని ఒకాయన అడిగాడు.

మా చిన్నమ్మ, అంటే బాపు తమ్ముడి భార్య, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏ సీరియళ్లొస్తయి బిడ్డా?" అంది.

"సీరియళ్లు రావు చిన్నమ్మా. చుక్కలొస్తయి."

చిన్నమ్మ ఆకాశం వైపు ఒకసారి, డిష్ వైపు ఒకసారి చూసింది. "గవ్వి ఉత్తగనే వస్తున్నయి గదనే" అని, కాసేపాగి, "దీంట్ల మిరపకాయలు ఎండబోసుకోవచ్చా?" అని అడిగింది.

బాపు మాత్రం ఏమీ అడగలేదు. డిష్ చుట్టూ తిరిగాడు. జాలీ కన్నాల్లో వేలు పెట్టి చూశాడు. ఇద్దరిని పిలిచి దాన్ని బోర్లింపజేశాడు. అప్పుడు ఆయన ముఖంలో వెలుగొచ్చింది. తల్లులు మేతకు పోయినప్పుడు గొర్రె పిల్లలను గంపల కింద కమ్మి ఉంచడం మా ఇళ్లల్లో అలవాటు. ఎంత పెద్ద గంప దొరికితే అంత బర్కత్, అంత కలిసొచ్చినట్టు.

"గంపకు గంప, గాలికి గాలి. కుక్క మూతి గూడ దూరది" అన్నాడు బాపు తన్మయంగా.

"బాపూ, అది గంప కాదు. టెలిస్కోపు."

"ఉగాది దాంక నీది కానియ్. అప్పటిదాంక దాంట్ల ఏం వడకపోతే పిల్లలకిచ్చెయ్యాలె."

నేను సరే అన్నాను. ఆ ఒక్క సరేలో నా చదువంతా పందెం కాశానని ఆయనకు తెలియదు.

మా అవ్వ, అంటే బాపు తల్లి, ఊరికి మంత్రసాని. ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు ఊళ్లో సగం మంది ఉంటారు. తెలంగాణ వచ్చినంక కాన్పులన్నీ సర్కారు దవాఖానకు పోయాయి. అది మంచిదేనని అవ్వ కూడా ఒప్పుకునేది. కానీ చేతులకు పని లేక, ఎవరి కోడలు నడక చూసినా నెలలు లెక్కగట్టుకుంటూ కూచునేది. చూపు కూడా మసకబారింది. ఆమెకు నేను చేస్తున్నదేమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు, ఇంట్లో మొదటిసారి ఎవరో చెవిపెట్టి విన్నారు.

"హంస అని ఒక చుక్కల గుంపు ఉంది అవ్వా. ఆ దిక్కున దుమ్ము మబ్బుల వెనక కొత్త చుక్కలు పుడుతుంటాయి. దుమ్ము అడ్డం కాబట్టి కంటికి కనవడదు. కానీ పుట్టిన పెద్ద చుక్కల వేడికి చుట్టుపక్కల గ్యాసు చిట్లి, రేడియోలో సన్నగ హోరు వెడతది. ఆ హోరు దుమ్మును దాటుకుని మన దాంక వస్తది."

అవ్వ నిటారుగా కూచుంది. "అంటే అర్రకు పరదా గట్టిన్రు. లోపల కాన్పయితాంది. బయట మనం చెవులు వెట్టి కూసున్నం. గంతే గదా?"

"గంతే అవ్వా."

"ఎన్ని నెలలు?"

"నెలలు కాదు. ఒక్క చుక్క పుట్టాలంటే లక్షల ఏండ్లు."

"మొదటి కాన్పు గట్లనే ఉంటది" అంది అవ్వ, ఏమాత్రం తొణక్కుండా.

ఆ రోజు నుంచి కేసు ఆమె చేతుల్లోకి పోయింది. ప్రతి ఆదివారం నేను ఊళ్లో బస్సు దిగి గడప తొక్కగానే, "ఏమన్న తెలిసిందా?" అని అడిగేది. తెలియలేదంటే, "ఫికర్ జెయ్యకు. తల్లి బలంగనే ఉన్నట్టుంది" అనేది.

డిష్‌ను గొర్ల దొడ్డి గోడ పక్కన కట్టెల దిమ్మె మీద నిలబెట్టాం. దాని ముందు పెయింటు డబ్బాతో చేసిన యాంటెన్నా, దానికో తీగ, తీగ చివర తరంగాలను అంకెలుగా మార్చే వేలంత డాంగల్, డాంగల్ చివర నా లాప్‌టాప్. ఇందులో బొమ్మలేమీ రావు. తెర మీద ఒక గీత నడుస్తూ ఉంటుంది. డిష్ కదలకుండా ఆకాశంలో ఒక ఎత్తున నిలబడితే, భూమి తిరుగుతుంది కాబట్టి మబ్బులే దాని ముందు నుంచి సాగిపోతాయి. అవి ఎదురుగా వచ్చినప్పుడు గీత గుట్టలాగా లేచి, దాటిపోయాక దిగాలి. ఆ గుట్ట కోసమే ఈ బాధంతా. అందులో పాలపుంత తాలూకు ఇతర గోల కూడా కలిసి ఉంటుందనుకోండి, అయినా గుట్ట గుట్టే.

మొదట సరిచూసుకోవడానికి సూర్యుడి వైపు తిప్పాను. గీత చక్కగా లేచి చక్కగా దిగింది. నేను ఎగిరి గంతేసి బాపును పిలిచాను. ఆయన తెర చూశాడు. తలెత్తి సూర్యుణ్ణి చూశాడు.

"సూర్యుడు ఏడున్నడో తెల్సుకునెతందుకు గింత ఇనుమెందుకు బిడ్డా?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. నిజంగా బాధపడ్డాడు.

ఆ చలికాలంలో హంస మా నెత్తి మీదికి పట్టపగలే వచ్చేది. రేడియోకు పగలూ రాత్రీ ఒకటే. కానీ మధ్యాహ్నం పూట గొడుగేసుకుని కూచుని నక్షత్రాలను పరిశీలిస్తున్నానంటే ఎవరు నమ్ముతారు? దారిన పోయేవాళ్లు బాపును జాలిగా చూసేవాళ్లు. ఒకామె మా చిన్నమ్మకు తాయెత్తు కట్టే మనిషి గురించి కూడా చెప్పి పోయిందట.

సరే, డిష్‌ను హంస ఎత్తుకు పెట్టాను. గుట్ట లేదు. గుట్టకు బదులు గీత నిండా ముళ్లు. తుమ్మ కొమ్మలాగా, టక్కు టక్కుమని, ఒకే ఎడంతో, సెకనుకొకటి. అంత క్రమంగా కొట్టుకునేది ఆకాశంలో ఒకటే ఉంది, తనచుట్టూ తాను గిర్రున తిరుగుతూ రేడియో చిమ్మే చచ్చిన నక్షత్రం. పెయింటు డబ్బాతో పల్సార్‌ను పట్టానా? వెంటనే గైడు మేడానికి ఫోన్ చేశాను.

"డిష్‌ను నేల వైపు తిప్పి చూశావా?" అని అడిగింది.

తిప్పి చూశాను. ముళ్లు అలాగే ఉన్నాయి. మా గొర్ల దొడ్డిలో పల్సార్ ఉండే అవకాశం తక్కువ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దానికి ఏం పేరు పెట్టాలో కూడా అప్పటికే ఆలోచించుకున్నాను. ఆ పేరు ఎవరికీ చెప్పను.

అంటే ఊళ్లోనే ఏదో యంత్రం గోల పెడుతోంది. వెతుకుడు మొదలుపెట్టాను. మా ఫ్రిజ్జు తీసేశాను. టీవీ తీసేశాను. చిన్నమ్మ మిక్సీలో అల్లం నూరుతుంటే మధ్యలో వైరు లాగేశాను. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లు ఒక్కొక్కటే బంద్ పెట్టమని రైతుల కాళ్లావేళ్లా పడ్డాను. పక్కింటివాళ్ల పూజగదిలో రంగురంగుల దీపాల దండ కూడా పీకించాను. ఇల్లు పీకి పందిరేసినట్టు చేశానే తప్ప ముళ్లు మాత్రం కదల్లేదు. ఒక ఆదివారం లైను మరమ్మతుకని ఊరంతటికీ కరెంటు తీశారు. ఇక దొరికిందనుకుని పరుగెత్తి చూస్తే, లాప్‌టాప్ బ్యాటరీ మీద గీత నడుస్తోంది, ముళ్లు కూడా నడుస్తున్నాయి. కరెంటు లేని ఊళ్లో కరెంటు గోల! ఆ రోజు నేను లాప్‌టాప్‌ను బావిలో పడెయ్యకపోవడానికి కారణం అందులో కాలేజీ మార్కులు ఉండటమే.

మా ఇంటి వెనక పెద్ద గుండ్రాయి, దాని వెనక మా చిన్నాయన పల్లి చేను. అడవి పందుల బాధ పడలేక ఆయన చేను చుట్టూ జట్కా మిషన్ పెట్టించాడు. సోలార్ పలక, ఒక బ్యాటరీ, ఒక డబ్బా. డబ్బా నుంచి కంచె తీగకు కరెంటు తడవ తడవకు కొడుతుంది. ముట్టుకుంటే చావరు కానీ మళ్లీ ఆ వైపు రారు. ఈ కంచె మీద అన్నదమ్ములిద్దరికీ అప్పటికే మాటలు సరిగా లేవు. అది పందుల కోసం కాదని, తన గొర్ల కోసమేనని బాపు అనుమానం. చిన్నాయన నలుగురిలో నిలబడి, "రాత్రే నడుస్తది. పొద్దుగాల బంద్ పెడత. సరేనా?" అని మాట ఇచ్చాడు. ఆ మాట నేనూ విన్నాను. అందుకే ఊళ్లోని ప్రతి ఇంట్లో దీపం ఆర్పించిన నేను, ఆ డబ్బా దిక్కు చూడనే లేదు.

అట్లా వారాలు గడిచాయి. హంస రోజూ కాస్త ముందుగా వస్తూ వస్తూ, మధ్యాహ్నం నుంచి పొద్దుటి పూటకు జరిగింది. ఉగాది ముందటి ఆదివారం వచ్చేసింది. నాకు మిగిలింది అదొక్కటే. పొద్దున్నే లాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాను. ముళ్లు. అరగంట చూశాను. ముళ్లే. బాపు దొడ్డి ముందు గొర్లను లెక్కచూసుకుంటూ, మధ్య మధ్య డిష్ వైపు చూస్తున్నాడు. పిల్లలను ఏ వైపు నుంచి తోలాలో ఆలోచిస్తున్నాడని తెలిసిపోతోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కోపంతో కాదు. ఇన్నేండ్లు నేను చేసిందంతా ఇంతేనా అని.

"ఇగ రాదు అవ్వా" అన్నాను.

అరుగు మీద కూచున్న అవ్వ చెవి రిక్కించింది. "ఏమైంది? అడ్డం తిరిగిందా?"

"ఆ. అడ్డమే."

అవ్వ లేచింది. కర్ర అందుకుంది. ఆ లేవడంలోనే ఆమె వయసు సగం తగ్గింది.

కాన్పు కష్టమైతే మా దిక్కు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ముడి అన్నది ఉండకూడదు, తాళం అన్నది పడి ఉండకూడదు. అవన్నీ వదులైతే తల్లి కూడా వదులవుతుందని నమ్మకం. అవ్వ ముందు నా జడ విప్పి పారేసింది. నేను కసురుకుంటే వినిపించుకోలేదు. పెట్టె తాళం తీసింది. బియ్యం బస్తా మూతి విప్పింది. కొంగున కట్టుకున్న వక్కపొడి ముడి విప్పితే అదంతా నేలపాలైంది. బట్టల తీగ ఒక కొసన విప్పింది. నా కాలేజీ చీర మట్టిలో పడింది. దూడ తాడు విప్పింది. నాకు ఆమెను ఆపే ఓపిక కూడా లేదు. తెర ముందే తల పట్టుకుని కూచున్నాను. కర్ర చప్పుడు దొడ్డి వైపు, అక్కడి నుంచి గుండ్రాయి వెనక్కు పోవడం విన్నాను, పట్టించుకోలేదు. బాపు అప్పటికి నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు.

కాసేపటికి తలెత్తాను. ముళ్లు లేవు.

డాంగల్ ఊడిందేమోనని చూశాను. ఊడలేదు. గీత నున్నగా, తడిపి ఆరేసిన నూలు పోగులాగా నడుస్తోంది. గీత మెల్లగా లేవడం మొదలుపెట్టింది. ఇంకొంచెం. ఇంకొంచెం. మా ఊరి పొలిమేరలో ఉన్న గుట్టంత నింపాదిగా లేచింది, పైన కాసేపు నిలబడింది, అంతే నింపాదిగా దిగింది. నా చెయ్యి మౌసు మీద ఉంది, కదిలిస్తే చెదిరిపోతుందేమోనని తియ్యలేదు. ముక్కు కారుతుంటే కూడా తుడుచుకోలేదు. గుట్ట పూర్తిగా దిగాక, "బాపూ!" అని గట్టిగా అరిచాను.

సరిగ్గా అప్పుడే గుండ్రాయి వెనక నుంచి చిన్నాయన అరుపు నా అరుపును మించిపోయి వినిపించింది.

జరిగిందేమిటంటే, అవ్వ దొడ్డి తడిక విప్పింది. గొర్లు ఆమె వెంటే బయలుదేరాయి. ఆమె నేరుగా చిన్నాయన చేను దగ్గరికి పోయి, డబ్బా నుంచి కంచెకు తగిలించిన తీగ కొక్కెం కూడా ఒక ముడే కదా అని, కర్రతో ఎత్తి కింద పడేసింది. చెక్క కర్ర కాబట్టి బతికిపోయింది. చేను గేటు చెక్క కూడా తీసిపెట్టింది. గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు అంటారు. మా గొర్లకు కళ్లు కూడా బాగానే కనిపిస్తాయి. ఇంకో వారంలో పీకాల్సిన పల్లి చేనులో అవి పెళ్లి భోజనానికి కూచున్నట్టు వరసగా నిలబడ్డాయి.

గొర్లను వెళ్లగొట్టేసరికి అందరికీ నోట్లో తడి ఆరిపోయింది. తర్వాత మా వాకిట్లో పంచాయితీ మొదలైంది.

"కావాల్నని తోలినవన్నా! కొక్కెం దీసి మరీ తోలినవ్!" అన్నాడు చిన్నాయన.

"నేనెందుకు ముడ్త నీ కొక్కెం?" అన్నాడు బాపు.

"నేనే దీసిన" అంది అవ్వ అరుగు మీద నుంచి. "ఆడ తల్లి తన్లాడుతాంటే నువ్వు తీగలు గట్టి కూసుంటివి. ముడులు ఇడిస్తెనే గదరా కాన్పయ్యేది? గిప్పుడు సూడు, అయింది గదా! ఏం బిడ్డా, అయిందా లేదా?"

"అయింది అవ్వా" అన్నాను. ఏమనాలో తెలియక.

చిన్నాయన తల బాదుకున్నాడు. ఇంతలో బాపు చెయ్యెత్తాడు. మెల్లగా మాట్లాడాడు. గొర్లు తప్పిపోయినప్పుడు అడుగుజాడలు చూసేటప్పుడు ఆయన అంత మెల్లగానే మాట్లాడతాడు.

"ఆగాగు తమ్మీ. అవ్వ కొక్కెం దీసింది ఇయ్యాల పొద్దుగాల గదా. మరి పొద్దుగాల బంద్ పెడతనంటివి. బంద్ ఉన్నదాని కొక్కెం ఉంటేంది, తీస్తేంది? నా గొర్లు కంచె దగ్గరికి వోయి ఎందుకు ఆగుతున్నయి ఇన్ని దినాలు?"

చిన్నాయన మట్టివైపు చూశాడు. "పందులు పగలు గూడ వస్తున్నయి" అన్నాడు.

"ఏ పందులు? ఉన్ని ఉన్నయా వాటికి?"

అప్పుడు నాకు బుర్రలో దీపం వెలిగింది. తడవ తడవకు కొట్టే జట్కా. కంచె కింద పెరిగిన గడ్డి తీగకు తగిలిన చోటల్లా చిటపట. సోలార్ బ్యాటరీ, ఊరి కరెంటుతో పని లేదు. నా పల్సార్ పల్లి చేనులో ఉంది. "చిన్నాయనా! ఊర్ల అందరి ఇండ్లల్ల వైర్లు వీకిచ్చిన! పక్కింటోళ్ల దేవుని దీపాలు గూడ ఆర్పిచ్చిన! ఒక్క ముక్క చెప్తే ఏం వోయింది?" అని నేను కూడా అరిచాను. మా చిన్నమ్మ, అల్లం మిక్సీ గుర్తొచ్చిందేమో, మొగుణ్ణి గుర్రుగా చూసింది.

కోపం దిగాక అసలు సంగతి బయటపెట్టాను. ఒక్కసారి వచ్చిన గుట్టతో నా పని కాదు. అది ఆకాశానిదా, ఎవరి మోటారుదా అన్నది తేలాలి. ఆకాశానిదైతే రోజూ కాస్త ముందుగా వస్తుంది. భూమ్మీది వస్తువేదీ అట్లా జరగదు. ఉగాదిలోపు ఇంకో మూడు పూటలు, పొద్దున గంటసేపు కంచె బంద్ ఉండాలి.

"కుదరది" అన్నాడు చిన్నాయన. "పల్లి వీకేదాంక కంచె తియ్య. తగిలింది సాలదా? వీకినంక ఏడాదంత నీదే, చుక్కలు సూసుకో, సూర్యుని సూసుకో."

పల్లి పీకేది ఉగాది తర్వాత. అప్పటికి నా గడువు ఉండదు. ఆ మాట చెప్పాను. నిజానికి చిన్నాయన మాటలో అన్యాయం లేదు. ఏడాది కష్టం నేలలో ఉంది, పొద్దున్నే దానిలో ఒక మూల పోయింది.

బాపు ఒక్కడే మిగిలాడు. ఆయన నోరు మెదపకుండా ఉంటే చాలు, మూడు దినాల్లో ఊళ్లోనే పెద్ద గంప ఆయనదవుతుంది. తమ్ముడితో తగువు కూడా ఉండదు. ఆయన డిష్ వైపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"గా హోరు ఎంత దూరం కెల్లి వస్తాంది బిడ్డా?"

"శానా దూరం బాపూ. అక్కడ బయలెల్లి వేల ఏండ్లయింది."

"వేల ఏండ్లా? నడుమ ఏడ ఆగలేదా?"

"ఏడా ఆగలేదు."

ఎండాకాలం వస్తే బాపు మందను తోలుకుని, మేత కోసం, నీళ్ల కోసం, హుజూర్‌నగర్ దిక్కు కృష్ణ ఒడ్డు దాకా నడుస్తాడు. అన్ని దినాలు నడిచి, నీళ్లు కనబడే జాగాకు చేరాక, ఎవరో కొత్తగా కంచె వేసి ఉంటే, గొర్లు దాని మీద మెడలు పెట్టి నిలబడటం ఎట్లుంటుందో ఆయన ఎప్పుడో ఒకసారి అన్నంముందు కూచుని చెప్పాడు. చెప్పి, ఆ పూట తినలేదు.

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "వేల ఏండ్ల సంది తొవ్వ వట్టి వస్తాందంట తమ్మీ. గంత దూరం నడిచొచ్చినదాన్ని మన చేను కాడికొచ్చినంక ఆపుతమా?"

చిన్నాయన తన చేను దిక్కు తిరిగాడు. "మరి పందులొస్తే?" అన్నాడు.

"నేను నిలవడత. గంటసేపు నేనే కంచె."

"నీ గొర్లు?"

"దొడ్లనే ఉంటయి."

పొద్దుటి మేత వేళ మందను దొడ్లో కట్టేసి నిలబడతానని మా బాపు అనడం చిన్నాయన జన్మలో వినలేదు. నేనూ వినలేదు. "గంటనే మరి" అన్నాడు చిన్నాయన, ఇంకెవరికో చెబుతున్నట్టు. నేను లోపలికి పోయి, బియ్యం బస్తా పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా ఏడ్చాను.

కాలేజీకి సెలవు పెట్టాను. మర్నాడు బాపు కర్ర పట్టుకుని చేను గట్టు మీద నిలబడ్డాడు. దొడ్లో గొర్లు ఆయన వంశాన్నంతా తిడుతూ అరిచాయి. గుట్ట లేచింది, నిన్నటికంటే కాస్త ముందుగా. తెర మీద రెండు గుట్టలనూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించాను. ఆయన వేలుతో రెండింటి నడుమ ఉన్న సందును కొలిచి, "గింతేనా?" అన్నాడు. ఆ తర్వాతి దినం ఇంకొంచెం ముందుగా లేచింది. ఆ సందును ఆయన నన్ను అడగకుండానే కొలుచుకున్నాడు.

మూడో పొద్దున నాకు మెలకువ ఆలస్యమైంది. ముఖం కూడా కడగకుండా, చెప్పులు లేకుండా గుండ్రాయి వెనక్కు పరుగెత్తాను, కొక్కెం తీశారో లేదో చూద్దామని. బాపు అప్పటికే గట్టు మీద ఉన్నాడు. కొక్కెం తీసి, పక్కకు చుట్టి పెట్టి ఉంది. మా చిన్నాయన కూడా అవతలి గట్టు మీద గొంగడి కప్పుకుని కూచున్నాడు, మా వైపు చూడకుండా.

"నిన్నటికన్న జర జల్ది వస్తది గదా" అన్నాడు బాపు. "అది వచ్చేటాల్లకు మనం లేకుంటే ఎట్ల?"

నేను దొడ్డి దగ్గరికి తిరిగి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. తెర మీద గీత ఇంకా నేల మీదే పడుకుని ఉంది. అది లేవకముందే నాకు తెలిసిపోయింది, ఈ పని నేను వదలనని. తర్వాత గీత కూడా లేచింది, రావాల్సిన వేళకే.